మ్యూజియంలో కాపురం

ఆ ఏడు వానలు మొదలవడానికి కాస్త ముందు మా ఇంటిని మ్యూజియం చేశారు. అప్పటికి మేమింకా అందులోనే ఉన్నాం.

ఇల్లు మాది అంటే అద్దెకున్నవాళ్ళు చనువు కొద్దీ అనుకునే 'మాది'. ఒకప్పుడు కలప వ్యాపారి ఒకాయన ముచ్చటపడి కట్టించుకున్న రెండంతస్తుల ఇల్లది. ఆయన వంశంలో మిగిలిన చివరి ముసలావిడ పిల్లాజెల్లా లేక, పోతూ పోతూ దాన్ని మునిసిపాలిటీకి రాసిచ్చింది. వెనక రెండు గదులూ, వంటిల్లూ, ముందు వసారాలో సగమూ మాత్రం మా నాన్న పెళ్ళికి ముందు నుంచీ అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. నాన్న షాపులకి బోర్డులు రాసే పెయింటరు. నిలువెత్తు బోర్డుని పడుకోబెట్టి చుట్టూ తిరుగుతూ రాసుకోవడానికి అలాంటి వసారా ఊరంతా గాలించినా దొరకదనేవాడు. ఆ ఇంటి స్తంభాలకి ఏడాదికోసారి తన చేత్తోనే నూనె పట్టించేవాడు. పెంకు జారితే తనే నిచ్చెనెక్కేవాడు. ఎవరైనా "ఇల్లు మీదేనా?" అని అడిగితే వెంటనే "కాదు" అనేవాడు కాదు. కుంచె తుడుచుకుని, ఓసారి పైకప్పు కేసి చూసి, "ఉంటున్నాం" అనేవాడు.

మునిసిపాలిటీ వాళ్ళు ఖాళీ చేయమన్నారు. నాన్న ససేమిరా అన్నాడు. నాన్న పెట్టుకున్న లాయరుగారు కోర్టుకెళ్ళి, కేసు తేలేదాకా మమ్మల్ని కదిలించకూడదని ఉత్తర్వు తెచ్చారు. వాళ్ళు మాత్రం ఊరుకుంటారా? మా గదులు వదిలేసి, ముందు హాలూ మేడా శుభ్రం చేసి, ఊరి చరిత్రంతా తెచ్చి అందులో సర్దారు. పాత తూకం రాళ్ళు, వీధి దీపం స్తంభం, మంగలి కుర్చీ, వరదొచ్చినప్పుడు తీసిన ఫొటోలు. ఇవన్నీ చూసుకోవడానికి మెడలో తాళాల గుత్తి వేసుకుని ఒకమ్మాయి వచ్చింది. నా ఈడుదే. మా ఇంట్లో ఆమెకి 'మ్యూజియం అమ్మాయి' అనే పేరు ఖాయమైపోయింది.

తెరిచిన మొదటి ఆదివారం నాన్న మధ్యగదిలో కింద కూర్చుని అన్నం తింటున్నాడు. నేను గోడవార కూర్చుని తల దువ్వుకుంటున్నాను. హాల్లోంచి మా వైపుకి ఉన్న తలుపు ఎవరో నెట్టారు. ఒక పెద్దమనిషి, ఆయన భార్య, ముందు వాళ్ళ చిన్నపిల్ల.

"ఇది భోజనాల గదన్నమాట," అన్నాడు పెద్దమనిషి. "చూశావా, ఎంత సహజంగా పెట్టారో!"

నాన్న ముద్ద నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఉండిపోయాడు. నేను దువ్వెన జుట్టులోనే వదిలేశాను. ఆ పిల్ల రెండడుగులు ముందుకొచ్చి, నాన్న మొహంలో మొహం పెట్టి చూసి, కెవ్వున అరిచింది.

"నాన్నా! ఈ బొమ్మ నములుతోంది!"

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినబడింది. అమ్మ అలా పడీపడీ నవ్వడం నేను అంతకు ముందు విన్నట్టు గుర్తులేదు. నాన్నకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఎంగిలి చేత్తోనే లేచి వాళ్ళని గుమ్మం దాటించి, తలుపు దభీమని వేశాడు.

మర్నాడు పొద్దున్నే వసారాలో కూర్చుని ఒక బోర్డు రాశాడు. 'ఇక్కడ మనుషులు కాపురం ఉంటున్నారు. దయచేసి లోపలికి రాకండి.' కోపం మీద రాశాడే గానీ, చెయ్యి మాత్రం కోపాన్ని లెక్కచేయలేదు. అక్షరాలు నిండుగా, ఎర్రటి ఎరుపులో, వెనకాల సన్నటి నీడతో, వత్తులు ముత్యాల్లా వేలాడుతూ వచ్చాయి. తలుపుకి తగిలించాడు. ఇక చూడండి, వచ్చినవాళ్ళంతా ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటోలు దిగడం మొదలుపెట్టారు. చేత్తో రాసిన బోర్డు చూసి ఎన్నాళ్ళయిందో అనుకుంటూ, లోపలుండే మనుషులు ఎలా ఉంటారో చూడాలని తలుపు కొట్టేవాళ్ళు కూడా తయారయ్యారు.

మ్యూజియం అమ్మాయి మొహమాటపడుతూ వసారా చివర నిలబడింది.

"బాబాయిగారూ, ఒక మాట. లోపల గదులన్నిటికీ బోర్డులు కావాలి. ప్రింటువి పెడితే కళ రావడం లేదు. మీరు రాసిపెడతారా?"

"'మేం సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నాం' అని మీరు పెట్టుకునే బోర్డయితే చెప్పమ్మా. డబ్బుల్లేకుండా రాస్తాను," అన్నాడు నాన్న తలెత్తకుండానే.

ఆ అమ్మాయి నొచ్చుకున్నా పైకి నవ్వేసింది. పోతూ పోతూ స్తంభాన్ని ఓసారి చేత్తో తడిమి, "దీనికి నూనె మీరే రాస్తారట కదా. అందుకే చెదలు పట్టలేదు," అంది.  ఆ రోజంతా నాన్న ఆ అమ్మాయిని తిట్టలేదు.

వానలు ముదిరాయి. వచ్చినవాళ్ళు వాన తగ్గేదాకా మ్యూజియంలోనే చిక్కుకుపోయి, చూసిందే చూసి విసుగెత్తి, పెరటి వైపు నుంచి తిరిగి మా వంటింట్లోకి వచ్చేవాళ్ళు. అటు బోర్డు లేదు. అమ్మ ఎవర్నీ పొమ్మనలేదు.

ఆ వంటిల్లు ఎలాంటిదో కాస్త చెప్పాలి. మిగతా ఇంటికంటే రెండు మెట్లు దిగువన ఉంటుంది. పనివాళ్ళు వండటానికి కట్టిందట, అందుకని గుమ్మం కూడా పొట్టిది. పైన ఒక్క పెంకు తీసి అద్దం బిగించిన చోట నుంచి అరచేతంత వెలుతురు పడుతుంది. పొగగూడు ఎప్పుడో పూడిపోయింది. గ్యాసు పొయ్యి వచ్చాక కట్టెల పొగ పోయింది గానీ తాలింపు ఘాటు ఎక్కడికీ పోదు, గోడల్ని పట్టుకుని అక్కడే ఉంటుంది. నీళ్ళు పెరట్లో కొళాయి నుంచి మోసుకు రావాలి. గోడలు మాత్రం మూరెడు మందం, రాయి. నల్లగా నిగనిగలాడుతూ ఉండేవి.

అది చూసి వచ్చినవాళ్ళు మురిసిపోయేవాళ్ళు.

"ఎంత చల్లగా ఉందండీ!" అందొకావిడ ఓరోజు, తడిసిన గొడుగు మూలన ఆనించి. "ఇలాంటి వంటింట్లో వండుకుంటే ఇంకేం కావాలి! మా ఇళ్ళూ ఉన్నాయి, అగ్గిపెట్టెలు."

"మరైతే రేపు ఏ పూటకొస్తారు?" అంది అమ్మ.

"అంటే?"

"వండటానికి."

ఆవిడ పగలబడి నవ్వి, బయటికెళ్ళి తన వాళ్ళందరికీ చెప్పింది. అందరూ కలిసి మళ్ళీ నవ్వారు. అమ్మ హాస్యమాడిందనే నేనూ అనుకున్నాను.

ఒక పత్రికాయన వచ్చి అమ్మని పొయ్యి దగ్గర నిలబెట్టి ఫొటో తీసుకుపోయాడు. రెండు రోజులకి పేపర్లో సగం పేజీ వచ్చింది. 'ఆ పొయ్యి ఆరనివ్వని ఇల్లాలు' అని పైన పెద్దక్షరాలు. రాయికీ ఆవిడకీ మధ్య మాటలకందని బంధం ఉందట. ఆ గోడలు ఆవిడ ఊపిరట. నాన్న ఆ కాగితాన్ని అట్టకి అంటించి వసారాలో పెట్టాడు. బోర్డుల కోసం వచ్చినవాళ్ళకి చదివి వినిపించాడు. ఎదురుగా కుట్టుమిషను పెట్టుకున్న టైలరు, "ఇంకేం అన్నయ్యా, వదిన పేపరుకెక్కింది. ఇక మిమ్మల్ని కదిలించేవాడెవడు!" అన్నాడు. నేను మందుల షాపులో పనిచేసేదాన్ని. అక్కడికొచ్చేవాళ్ళు కూడా "మీ అమ్మగారేనటగా" అనేవాళ్ళు. నాకూ ఛాతీ ఉబ్బింది. ఇల్లు మాకే దక్కుతుందని, దక్కాలని, మా ముగ్గురికీ కావలసింది అదేనని నమ్మాను.

అమ్మ ఆ పేపరు చదివింది. చదివి, "ఫొటోలో నా మొహం కనబడ్డంలేదు," అంది.

"చీకటిగా ఉందిగా మరి," అన్నాన్నేను.

"అవును," అని చెంబు పట్టుకుని నీళ్ళకి పోయింది.

వానాకాలం సగం గడిచాక లాయరుగారు హుషారుగా వచ్చారు. కోర్టు తరఫున ఒక కమిషనరుగారు ఇల్లు చూడటానికి వస్తారట. మా గదులు చూసి, మమ్మల్ని నాలుగు మాటలడిగి, కోర్టుకి చెబుతారట.

"అన్నిటికంటే ముఖ్యం చెల్లెమ్మ మాట," అన్నారాయన, అమ్మని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి. "పేపర్లో వచ్చింది కాబట్టి ఆయన ముందు నిన్నే అడుగుతాడమ్మా. తడుముకోకూడదు. ఈ ఇల్లే నా ప్రాణం, ఇది వదిలి బతకలేను. అంతే. ఎక్కువ వద్దు. ఏదీ, ఓసారి అను."

అమ్మ కొంగు సర్దుకుంది. "బియ్యం పొయ్యాలి. ఎసరు మరుగుతోంది," అని లేచింది.

"సిగ్గుపడుతోంది," అన్నాడు నాన్న. "ఆ రోజుకి చెబుతుంది లెండి. దానికంటే ఈ ఇల్లు ఎవరికి తెలుసు?"

కమిషనరుగారు వచ్చిన రోజున కుండపోత. ఆయన పొట్టిగా, నెమ్మదిగా ఉన్నాడు. పాంటు మడిచి పట్టుకుని, బూట్లు వసారాలో విడిచి, కాళ్ళు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. మునిసిపాలిటీ గుమాస్తా, మా లాయరుగారు, తాళాల గుత్తితో మ్యూజియం అమ్మాయి వెనకాల. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. గది గదికీ తీసుకెళ్ళి, ఏ దూలం ఎప్పుడు మార్పించాడో, ఏ గోడకి చెమ్మ రాకుండా ఏం చేశాడో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. కమిషనరుగారు ఓపికగా తలూపుతూ విన్నాడు. నిజానికి ఆ ఇల్లు అంత చక్కగా నిలబడి ఉండటానికి నాన్నే కారణమని అక్కడున్నవాళ్ళందరికీ అర్థమైంది. మ్యూజియం అమ్మాయికి కూడా.

చివరికి వంటింటి మెట్ల దగ్గరికి చేరారు. లోపల అందరికీ చోటు లేదు. కమిషనరుగారు ఒక్కడే తల వంచి దిగాడు. మిగతావాళ్ళం గుమ్మంలోంచి తొంగి చూస్తున్నాం. పైన పెంకుల మీద వాన హోరు. అమ్మ చేతులు తుడుచుకుని నిలబడింది.

"మీ గురించి చదివానమ్మా," అన్నాడాయన. "మీరే చెప్పండి. ఈ ఇల్లు వదిలి వెళ్ళడం మీకిష్టం లేదు, అంతేనా?"

అమ్మ లాయరుగారి వైపు చూసింది. తర్వాత నాన్న వైపు చూసింది. ఆ చూపులో ఎదిరింపు లేదు. ఏదో అడగబోయి మానేసిన మనిషిలా ఉంది.

"వెళితే కిటికీ ఉన్న ఇల్లు ఇస్తారాండీ?" అంది.

వాన హోరులో సరిగా వినబడలేదనుకున్నాడేమో, కమిషనరుగారు చెవి ముందుకు పెట్టాడు. "ఏమన్నారమ్మా?"

"కిటికీ. వంటింటికి. పెద్దది అక్కర్లేదు."

 "అంటే ఆమె ఉద్దేశం..." అని లాయరుగారు ఏదో సర్దబోయారు. కమిషనరుగారు చెయ్యెత్తి ఆపాడు. ఓసారి చుట్టూ చూశాడు. అరచేతంత వెలుతురు, దాని కింద తరిగి పెట్టిన కూర ముక్కలు. ఇంకేమీ అడగలేదు. "సరేనమ్మా" అని, వచ్చినట్టే తల వంచుకుని బయటికి నడిచాడు.

అందరూ వెళ్ళాక లాయరుగారు నిప్పులు చెరిగారు. నోటిదాకా వచ్చిన కేసుని నేలపాలు చేసిందన్నారు. ముందే చెబితే తానింత శ్రమ పడేవాణ్ణి కాదన్నారు. నాన్న ఆయనకి ఎదురూ చెప్పలేదు, వంతా పాడలేదు. గొడుగు అందించి సాగనంపి, వచ్చి వసారాలో కూర్చున్నాడు. సగం రాసిన బట్టల కొట్టు బోర్డు ముందర పెట్టుకున్నాడు. కుంచె రంగులో ముంచాడు. చాలాసేపు ముంచే ఉంచాడు.

నాకు అమ్మ మీద కోపం వచ్చింది. లోపలికెళ్ళి, "ఒక్క మాట ముందు చెప్పకూడదా అమ్మా? నలుగురిలో నాన్న పరువు తీశావు," అన్నాను.

"నలుగురూ అడిగారు. చెప్పాను," అంది అమ్మ. "విడిగా ఎవరడిగారు?"

 మధ్యగదిలోకి వచ్చి, మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతూ కూర్చున్నాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నాన్న వసారాలోంచి లేచి వచ్చాడు. నన్ను దాటుకుని నేరుగా వంటింటి వైపు వెళ్ళాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న వంటింట్లోకి దిగడం నేను చూసింది తక్కువ. మంచినీళ్ళు కావాలన్నా గుమ్మం దగ్గర నుంచి అడిగేవాడు. దిగబోతూ గుమ్మానికి నుదురు కొట్టుకున్నాడు. ఆ చప్పుడు నాదాకా వినబడింది.

"వంగాలి," అంది అమ్మ.

నాన్న నుదురు పట్టుకుని లోపలే నిలబడ్డాడు. అమ్మ తాలింపు వేస్తున్నట్టుంది, ఘాటు లేచింది. నాన్న దగ్గాడు. ఆగకుండా దగ్గాడు. అయినా బయటికి రాలేదు.

"ఎప్పట్నుంచే నీకిలా?" అన్నాడు.

"ఎలా?"

"ఈ ఇల్లంటే ఇష్టం లేకపోవడం."

"ఇల్లంటే ఇష్టం లేకపోవడమేంటి? ఇల్లు నేనెప్పుడు చూశాను?" గరిటె చప్పుడు ఆగింది. "ఈ గోడకి చిన్న కిటికీ పెట్టిద్దామని అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు అడిగాను. వేవిళ్ళు, ఊపిరాడేది కాదు. గుర్తుందా?"

నాన్న దగ్గు ఒక్కటే వినబడింది.

"ఇలాంటి గోడ ఇప్పుడు ఎవడు కడతాడే, దీనికి బెజ్జం పెట్టడానికి చేతులెలా వస్తాయి అన్నారు. తర్వాత ఎంతమందికి చెప్పుకుని నవ్వారో. నేనూ నవ్వాను."

అది నాకూ తెలుసు. బంధువులొచ్చినప్పుడల్లా నాన్న చెప్పే కబుర్లలో అదొకటి. 'మా ఆవిడ ఆ రాతిగోడకి కిటికీ పెట్టమంది' అని. అందరం నవ్వేవాళ్ళం.

నాన్న ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. అమ్మ ఒక చెంబెడు నీళ్ళిచ్చినట్టుంది. తర్వాత ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు, అసలు మాట్లాడుకున్నారో లేదో. ఆ రోజు నాన్న అన్నం అక్కడే మెట్టు మీద కూర్చుని తిన్నాడు.

మర్నాడు తనే లాయరుగారి దగ్గరికెళ్ళి కేసు వద్దని చెప్పి వచ్చాడు. మమ్మల్నిద్దర్నీ అడగలేదు, చెప్పి గొప్పలు పోలేదు. "వంతెన అవతల మునిసిపాలిటీ క్వార్టర్లున్నాయట. ఇది ఖాళీ చేస్తే అందులో ఒకటి మనకిస్తారట. చూసొద్దాం పదండి," అన్నాడు అంతే.

మూడో అంతస్తులో రెండు గదులు. వంటిల్లు చిన్నది గానీ గోడలో సగానికి సగం కిటికీయే. అమ్మ లోపలికెళ్ళి దాని రెక్కలు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. బయట చూడ్డానికేమీ లేదు. ఎదుటి బిల్డింగు గోడ, ఒక నీళ్ళ ట్యాంకు, ఆరేసిన దుప్పట్లు. వాటినే చూస్తూ నిలబడింది. నాన్న ముందుగదిలో చేతులు చాపి ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిచి, ఆ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

సామాను సర్దేటప్పుడు మ్యూజియం అమ్మాయి వచ్చి, వంటింట్లో అక్కర్లేనివేమైనా ఉంటే వదిలి వెళతారా పిన్నిగారూ అని అడిగింది. అమ్మ మంచి గిన్నెలన్నీ తీసుకుని, మసిబట్టినవీ సొట్టలు పడ్డవీ వదిలేసింది. ఆ పిల్ల సరిగ్గా వాటినే చూసి సంబరపడింది. అది చూసి అమ్మకి నవ్వాగలేదు.

కొత్త ఇంట్లో అమ్మ మారింది. వండుతూ పక్కింటావిడతో కిటికీలోంచి మాట్లాడేది. కూనిరాగాలు తీసేది. నాన్నకి మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరగడం తప్ప తోచేది కాదు. పెద్ద బోర్డులు ఆ మెట్లు ఎక్కవు. ముందుగదిలో పట్టేవి చిన్నవి. పెద్ద పని వస్తే ఎవరి వాకిట్లోనో కూర్చుని రాసి రావాలి. విసుగు పైకి కనబడనిచ్చేవాడు కాదు. "ఇదీ బానే ఉంది" అనేవాడు, ఎవరూ అడక్కుండానే. ఆదివారాలు మధ్యాహ్నం భోంచేసి, "అలా తిరిగొస్తా" అని వెళ్ళేవాడు. చీకటి పడే ముందు వచ్చేవాడు.

ఎక్కడికెళ్తున్నాడో నాకు మ్యూజియం అమ్మాయి చెప్పింది. జలుబు మందు కోసం మా షాపుకొచ్చి, డబ్బులిస్తూ అంది. "బాబాయిగారు వస్తున్నారు. వద్దన్నా వినరు, టిక్కెట్టు కొంటారు. లోపలికి రారు. వసారాలో బెంచీ మీద కూర్చుని, మూసే వేళకి లేచి వెళ్ళిపోతారు. ఏమన్నా మాట్లాడదామంటే నాకే బాగుండదు."

ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ కూర తరుగుతోంది. చెయ్యి ఆపలేదు. "అక్కడ ఏం చూస్తారట?" అంది.

"తెలీదు."

ఆ ఆదివారం నాన్న చెప్పులేసుకుంటుంటే, అమ్మ మంచి చీర కట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "నేనూ వస్తాను," అంది. నాన్న దొంగతనం బయటపడ్డవాడిలా నీళ్ళు నమిలాడు. "నువ్వెందుకే, ఊరికే తిరగడానికి..." అన్నాడు. "నేనూ ఊరికే తిరుగుతాను," అని అమ్మ ముందు మెట్లు దిగింది. నేను తాళం వేసుకుని వెనకాల పరుగెత్తాను.

మ్యూజియం అమ్మాయి టిక్కెట్లు వద్దంది. అమ్మ ఒప్పుకోలేదు. "చూడ్డానికొచ్చాం కదమ్మా," అని మూడూ కొనిపించింది. ముందు హాలు చూశాం. తర్వాత మేడ మెట్లు ఎక్కాం. పైకొచ్చాక అమ్మ ఆగి, కటకటాలు పట్టుకుని నిలబడింది. అప్పుడు తెలిసింది నాకు, అన్నేళ్ళలో అమ్మ ఆ మేడ ఎక్కలేదని. తాళం నాన్న దగ్గరే ఉండేది. పెంకులు సర్దడానికీ దుమ్ము దులపడానికీ నాన్న ఎన్నిసార్లు ఎక్కాడో లెక్కలేదు. పైన గది గదికీ మనిషి ఎత్తు కిటికీలు, అటూ ఇటూ.

"ఇంత వెలుతురు ఇక్కడ దాచుకున్నారా?" అంది అమ్మ. ఎవర్నందో, కలప వ్యాపారినో, నాన్ననో. నాన్న తల దించుకున్నాడు.

చివర్న వంటిల్లు. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టారు. లోపల రెండు పెద్ద లైట్లు వెలుగుతున్నాయి. అమ్మ మసిగిన్నెలు పొయ్యి మీద వరసగా పేర్చి ఉన్నాయి. గోడ మీద ప్రింటు కాగితం. 'ఆనాటి ఇల్లాలి ప్రశాంత ప్రపంచం.' అమ్మ పైకే చదివింది. నిదానంగా, ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నట్టు.

మ్యూజియం అమ్మాయి కంగారుపడింది. "తప్పుందా పిన్నిగారూ? చెప్పండి, మార్చేస్తాను."

"తప్పని కాదులే అమ్మా. నువ్వు రాసింది వినడానికి బానే ఉంది. ఆ లైట్లు మాత్రం తీసెయ్యి. ఇంత వెలుతురుంటే నేనెందుకు పోతాను ఇక్కణ్ణుంచి?"

నాన్న నవ్వాడు. ఇల్లు మారాక మొదటిసారి నవ్వడం. నవ్వుతూనే ఆ కాగితం దగ్గరగా వెళ్ళి చూసి, "ఈ అక్షరాలు కూడా బాలేవు. నేను రాసిస్తా," అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "ఏం రాయమంటావు?"

నాన్న బోర్డు మీద ఏం రాయాలో అమ్మని అడగడం అదే మొదలు. అమ్మ ఆలోచించింది.

"లోపల చీకటిగా ఉంటుంది. తల వంచుకుని రండి. అంతే రాయండి."

అదే రాశాడు. తర్వాతి వారం పట్టుకెళ్ళి తన చేత్తోనే తగిలించాడు. నీడలూ సోకులూ లేకుండా, తెల్లగా, సాదాగా రాశాడు. ఇప్పటికీ ఉంది. లైట్లు తీసేశారు, తాడూ తీసేశారు. వెళ్ళినవాళ్ళు చదివి, నవ్వి, లోపలికి దిగి, కాసేపటికి నవ్వు తగ్గి బయటికొస్తారని మ్యూజియం అమ్మాయి చెబుతుంది.

ఆ ఆదివారం మాత్రం వంటింటి నుంచి వసారాలోకి వచ్చాం. వాన వెలిసింది. ఆ ఏటికి అవే చివరి వానలు. వీధిలో పరిచిన రాళ్ళ సందుల్లో నీళ్ళింకా పారుతున్నాయి. నాన్న తన బెంచీ దగ్గర నిలబడ్డాడు గానీ కూర్చోలేదు, మమ్మల్ని పెట్టుకుని ఎలా కూర్చోవాలో తెలియనట్టు.

అమ్మ కూర్చుంది. కాళ్ళు చాపుకుని, స్తంభానికి వీపు ఆనించుకుంది.

వీధి వీధంతా అక్కణ్ణుంచి కనబడుతుంది, మలుపు నుంచి మలుపు దాకా. టైలరు మిషను ఆపి, "వదినా! ఎప్పుడొచ్చారు?" అని కేకేశాడు. అమ్మ చెయ్యూపింది. పిల్లలు నీళ్ళలో దభాదభా అడుగులేస్తూ పోయారు. ఒకాయన సైకిలు నడిపించుకుంటూ, నాన్నని చూసి తలాడించి వెళ్ళాడు. బేకరీ తలుపు తీశారు, వాసన ఇక్కడిదాకా వచ్చింది. నాన్న కూడా మెల్లిగా బెంచీ అంచున కూర్చున్నాడు.

"రోజూ ఇంతమంది పోతారా ఇటు?"

"పొద్దునపూట ఇంకా ఎక్కువ."

"మీకేం," అంది అమ్మ. "మహారాజులా చూస్తూ కూర్చున్నారు ఇన్నాళ్ళూ."

"అవునే," అన్నాడు నాన్న. 

మూసే వేళైంది. మ్యూజియం అమ్మాయి తాళాల గుత్తి తీసుకుని వసారాలోకొచ్చింది. వాళ్ళిద్దర్నీ చూసి, చప్పుడవకుండా గుత్తి గుప్పిట్లో పట్టుకుని మళ్ళీ లోపలికెళ్ళిపోయింది. నేను లేద్దామన్నట్టు అమ్మ భుజం తట్టాను. అమ్మ కదల్లేదు. మలుపు దగ్గర ఎర్ర గొడుగు పట్టుకుని, వాన లేకపోయినా మడవకుండా, ఒక పెద్దావిడ నెమ్మదిగా నడిచి వస్తోంది.

"ఆవిడెవరు?" అంది అమ్మ.

"ఆవిడా! ఆవిడది పెద్ద కథ," అన్నాడు నాన్న. కొంచెం ఇటు జరిగి చెప్పడం మొదలుపెట్టాడు.